కవిత పక్కన పచ్చిక: పాత డచ్ ఆల్బమ్ పుటలాంటి ఒక పేజీని మన చేత్తో చేసుకోవడం

1652లో, నెదర్లాండ్స్ తూర్పున జ్వొల్లె అనే ఊళ్లో, ఇరవై ఏళ్ల గెసీనా టెర్ బోర్ఖ్ తనకు నచ్చిన పాటల్నీ ప్రేమ కవితల్నీ ఒక పుస్తకంలోకి ఎత్తి రాసుకోవడం మొదలుపెట్టింది. రాసినవాటి పక్కనే నీటిరంగుల బొమ్మలు వేసింది. ప్రేమలో పడ్డవాళ్లు, అలిగి మొహం తిప్పుకున్నవాళ్లు, చేతికర్రతో గొర్రెల కాపరులు ఆ పుటల నిండా ఉంటారు. అమ్మడానికి చేసిన పని కాదది. ఇంట్లోవాళ్లు, స్నేహితులు తిరగేసి చూసుకోవడానికి చేసుకున్నది. గెసీనా అన్న గెరార్డ్ అప్పటికే పేరున్న చిత్రకారుడు. పట్టుబట్ట మీద పడే వెలుగును అతను వేసినట్టు వేసినవాళ్లు ఆ కాలంలోనే తక్కువ. తండ్రి కూడా బొమ్మలు వేసేవాడు, పిల్లల బొమ్మల మీద తేదీలు వేసి దాచేవాడు. అలా దాచుకున్న ఇల్లు కాబట్టే గెసీనా పుస్తకాలు మనదాకా వచ్చాయి. ఇప్పుడవి ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉన్నాయి.

ఆ పుటలు చూసిన దగ్గర్నుంచీ నాకు ఒకటే అనిపిస్తూ వచ్చింది. అక్కడ బొమ్మ వేరు, రాత వేరు కాదు. ఒకే చెయ్యి, ఒకే బల్ల, బహుశా ఒకే గిన్నెలో నీళ్లు. మనం ఇప్పుడు బొమ్మ వేసి, దాని కింద కంప్యూటర్ ఫాంటులో నాలుగు లైన్లు అతికిస్తాం. అతుకు అతుకులాగే కనిపిస్తుంది. చేత్తో రాసిన అక్షరం కూడా బొమ్మే అని ఒప్పుకుంటే పేజీ మొత్తం వేరేగా కుదురుతుంది. ఈ వ్యాసంలో అలాంటి ఒక్క పేజీని మొదటి నుంచి చివరిదాకా ఎలా చెయ్యాలో చెబుతాను. ఏ4 సైజు కాగితం, ఎనిమిది పాదాల పాట, అరచెయ్యంత బొమ్మ. తీరిగ్గా చేసుకుంటే రెండు రోజుల పని.

ముందు చూడండి

రైక్స్‌మ్యూజియం వెబ్‌సైట్‌లో గెసీనా పేరు వెతికితే ఆమె పుటలు పెద్ద సైజులో, ఉచితంగా దొరుకుతాయి. దించుకుని దగ్గరగా జరుపుకుంటూ చూడండి. ఆమెవి మూడు పుస్తకాలు. మొదటిది 1646లో, ఇంకా పదిహేనేళ్లయినా నిండకముందు మొదలుపెట్టిన రాత పుస్తకం. రెండోది 1652 నాటి ఈ కవితల ఆల్బమ్. మూడోది 1660లో మొదలైన బొమ్మల పుస్తకం. ఈ వరుస గమనించండి. ఆమె ముందు అక్షరం దిద్దింది, తర్వాతే పాట పక్కన బొమ్మకు వచ్చింది. మనమూ అదే వరుసలో వెళ్దాం.

కాపరుల సంగతి ఒకటి తెలుసుకుని చూస్తే మంచిది. ఆ బొమ్మల్లోని కాపరులు నిజంగా ఎండలో గొర్రెలు కాసేవాళ్లు కారు. 1605లో పీటర్ కార్నెలిస్‌జూన్ హోఫ్ట్ రాసిన 'గ్రానిడా' నాటకంలో ఒక రాజకుమారి కాపరిని ప్రేమిస్తుంది. అక్కడి నుంచి డచ్ పట్నాల్లో కాపరి వేషం మీద మోజు పెరిగింది. డబ్బున్న వ్యాపారులు భార్యాపిల్లలతో కాపరి వేషంలో నిలబడి చిత్రాలు వేయించుకున్నారు. అందుకే ఆ బొమ్మల్లో గొర్రెలు కడిగినట్టు తెల్లగా ఉంటాయి, కాపరి కాళ్లకు బురద ఉండదు. అది పల్లె కాదు, పట్నం కన్న పల్లె కల. మీ పేజీలో ఏ పల్లె ఉండాలో ముందే తేల్చుకోండి. నేను చేసేటప్పుడు కాపరిని కలలోంచే తీసుకుంటాను, నేలను మాత్రం నిజమైన డచ్ నేలనే తీసుకుంటాను.

ఆ నేల కోసం ఇంకో రెండు వందల ఏళ్లు ముందుకు రావాలి. 1860 తర్వాత హేగ్ నగరం చుట్టూ పనిచేసిన చిత్రకారులు, ముఖ్యంగా యాన్ హెండ్రిక్ వైసెన్‌బ్రూఖ్, ఆంటన్ మావ్, నీటిరంగుల్లో కాలువల్నీ పచ్చికనీ మబ్బుల్నీ వేసిన తీరు చూడండి. మావ్ గొర్రెల మందలకు పేరు పడ్డాడు. వాన్ గోహ్‌కు 1881 చివర్లో నీటిరంగులు చేతపట్టి నేర్పింది ఆయనే. గెసీనా దగ్గర పేజీ ఎలా కుదరాలో నేర్చుకుని, వీళ్ల దగ్గర ఆకాశం నేర్చుకోండి.

పాట

బొమ్మ కన్నా ముందు పాట చేతిలో ఉండాలి. గెసీనా చాలావరకు ఆనాటి పాటల పుస్తకాల్లోంచి ఎత్తి రాసుకుంది. మీకు నచ్చిన పాత పద్యమో జానపదమో రాసుకోవచ్చు, సొంతంగానైనా అల్లుకోవచ్చు. ఎనిమిది పాదాలు దాటకుండా చూసుకోండి. చేత్తో రాసేటప్పుడు పన్నెండో పాదం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలిసిపోతుంది, ఆ అలసట అక్షరంలో తెలిసిపోతుంది.

ఈ వ్యాసం కోసం నేను అల్లుకున్నది ఇది (విల్లో అంటే అక్కడి కాలువ గట్ల మీది చెట్టు):

కాలువ గట్టున గొర్రెల కాపరి
గాలికి టోపీ జారింది
మోడు విల్లోల మొలకల నీడన
మందకు పొద్దే వాలింది

పిలిచిన పేరుకు బదులిక రాదని
రెల్లుకు ముందే తెలిసింది
అవతలి గట్టున అడుగుల జాడను
నీరే మెల్లగ తుడిచింది

ఇప్పుడు అసలు ప్రశ్న: బొమ్మలో ఏముండాలి? టోపీ జారుతున్నట్టు వేస్తే పాట చెప్పిందే బొమ్మ మళ్లీ చెబుతుంది. చదివేవాడికి రెండోసారి చూడ్డానికి ఏమీ మిగలదు. పాటలో లేనిదేమిటో వెతకండి. ఆ మనిషి ఎవరిని పిలిచాడో పాట చెప్పలేదు. ఆమె ఎలా వెళ్లిందో చెప్పలేదు. అందుకని నేను అవతలి గట్టుకు ఒక చిన్న పడవ కట్టేసి ఉంచాను, అందులో ఎవరూ లేరు. కాపరి మనకు వీపు పెట్టి నిలబడి ఉంటాడు. అంతే. పడవ సంగతి పాటకు తెలియదు, పేరు సంగతి బొమ్మకు తెలియదు. రెండూ కలిపి చూసినవాళ్లకే కథ అందుతుంది.

ఇంకో చిన్న సంగతి. డచ్ పాటల పుస్తకాల్లో పాట పైన అది ఏ వరసలో పాడాలో రాసేవాళ్లు, అందరికీ తెలిసిన ఇంకో పాట మొదటి మాటలు ఇచ్చి. మనం కీర్తన మీద రాగం, తాళం వేసుకున్నట్టే. మీ పాటకూ ఒక వరస ఉంటే దాన్ని చిన్న అక్షరాల్లో శీర్షిక కింద రాయండి. చదివేవాళ్లు తెలియకుండానే లోపల పాడుకుంటారు.

కాగితం, సిరా, రంగులు

కాగితం విషయంలో పిసినారితనం వద్దు. రంగుకూ రాతకూ రెండింటికీ తట్టుకోవాలి కాబట్టి మామూలు నీటిరంగుల కాగితం పనికిరాదు. దాని గరుకుకు కలం పాళీ తగులుకుని ఆగుతుంది, పీచు లేచి పాళీలో ఇరుక్కుంటుంది. నూటికి నూరు పాళ్లు దూదితో చేసిన, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), హాట్ ప్రెస్ అని రాసి ఉన్న నునుపు కాగితం తీసుకోండి. ఆర్షెస్ బ్రాండు బాగుంటుంది. దొరక్కపోతే మరేదైనా దూది కాగితం చాలు. గెసీనా కాలంలో కాగితం చింకిపాత నారబట్టలతో చేసేవాళ్లు, దాన్ని జంతువుల జిగురులో ముంచి ఆరబెట్టేవాళ్లు. ఆ జిగురు పొర ఉండబట్టే సిరా పాకదు. ఇప్పటికీ మంచి కాగితానికి అదే ప్రాణం. వెస్ట్‌జాన్‌లో 1692లో కట్టిన 'డె స్కోల్‌మేస్టర్' అనే గాలిమర ఈనాటికీ గాలితోనే కాగితం తయారు చేస్తోంది. వీడియోలు దొరికితే చూడండి, బట్టపేలికలు గుజ్జవుతున్న చప్పుడు వినండి.

సిరా కథ మాత్రం కొంచెం తీరిగ్గా చెప్పాలి. ఆ కాలంలో యూరప్ అంతా వాడింది మాచికాయల సిరా. ఓక్ చెట్టు కొమ్మ మీద పురుగు గుడ్డు పెడితే చెట్టు దాని చుట్టూ పెంచే బుడిపే మాచికాయ. దాన్ని నలగ్గొట్టి నానబెట్టి, ఆ వగరు నీళ్లలో అన్నభేది కలిపి, బంక వేస్తే సిరా. రాసేటప్పుడు పలచగా బూడిదరంగులో ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. మన కలంకారీ పనివాళ్లకు ఈ మాట చెబితే ఆశ్చర్యపోరు. బట్టను కరక్కాయ నీళ్లలో తడిపి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన కసిమితో గీస్తే నల్లగా మారేది కూడా ఇదే తీరున. వగరూ ఇనుమూ కలిస్తే నలుపు. పెడన, శ్రీకాళహస్తి పనివాళ్లు బట్ట మీద చేసేదీ, జ్వొల్లెలో ఆ అమ్మాయి కాగితం మీద చేసిందీ ఒకే పని.

అయితే పాత పద్ధతి సిరాలో ఆమ్లం ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది, మ్యూజియంలలో అక్షరాల చోట చిల్లులు పడ్డ పాత కాగితాలు చాలా ఉన్నాయి. అందుకని ఇంట్లో కాచుకున్న సిరాతో సరదాగా రాసి చూడండి, దాచుకునే పేజీకి మాత్రం నీటికి చెదరని పిగ్మెంట్ సిరా (కరగని రంగుపొడితో చేసినది) వాడండి. నలుపు కన్నా ముదురు గోధుమ రంగు అందంగా ఉంటుంది. సీసా మీద 'వాటర్‌ప్రూఫ్' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. నేను ఒకసారి అలాగే నమ్మి, ఎనిమిది పాదాలూ రాసి, మర్నాడు ఆకాశం మీద తడి కుంచె వేశాను. మూడు పాదాలు నీలిగా కరిగి మబ్బుల్లో కలిసిపోయాయి. పని మొత్తం పోయింది. అప్పట్నుంచీ ఏ సిరా అయినా ముందు ముక్క కాగితం మీద రాసి, ఒక రాత్రి ఆరనిచ్చి, నీళ్ల చుక్క వేసి రుద్ది చూశాకే ముట్టుకుంటున్నాను.

రంగుల్లో గెసీనా కాలం పేర్లు చదివితే మన అమ్మమ్మల పెట్టె తెరిచినట్టుంటుంది: ఇంగిలీకం, సింధూరం, సఫేదా, రాగి చిలుము, నీలిమందు. నీలిమందు మన తీరం నుంచి కూడా వెళ్లింది. డచ్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నం లాంటి కోరమాండల్ తీరపు రేవుల్లో బట్టలతో పాటు దాన్నీ కొనేది. కానీ ఈ జాబితాలో సగం విషం. ఇంగిలీకంలో పాదరసం, సింధూరంలోనూ సఫేదాలోనూ సీసం ఉంటాయి. పొడులు కొని నూరుకోవాలన్న ఉత్సాహం వద్దు. ట్యూబుల్లో దొరికే ఆరు రంగులు సరిపోతాయి: అల్ట్రామెరిన్, ఇండిగో, యెల్లో ఓకర్, నికెల్ ఎజో యెల్లో, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), ఏదైనా ఒక చల్లని ఎరుపు. వీటితో పాటు తెలుపు గువాష్, అంటే కింది రంగును కప్పేసే దట్టమైన నీటిరంగు, ఒక చిన్న ట్యూబు.

పసుపు గురించి ఒక హెచ్చరిక. ఆ కాలంలో పచ్చికకు నీలం మీద మొక్కల కాయల నుంచి తీసిన పసుపు పూసేవాళ్లు. ఆ పసుపు వెలుతురుకు ఎగిరిపోయింది. అందుకే కొన్ని పాత డచ్ చిత్రాల్లో ఆకులు నీలంగా కనిపిస్తాయి. చిత్రకారుడు అలా వేయలేదు, కాలం అలా చేసింది. ఆ నీలం ఆకుల్ని చూసి మీరూ నీలంగా వేయకండి. ట్యూబు మీద వెలుతురుకు నిలుస్తుందా లేదా అన్న గుర్తు చూసి కొనండి.

కుంచెలు రెండు చాలు: ఎనిమిదో నంబరు గుండ్రటిది, రెండో నంబరు గుండ్రటిది. కలానికి ముంచి రాసే పాళీ కావాలి. తెలుగుకు ఏ పాళీ మంచిదన్నది కింద చెబుతాను.

పేజీ కొలతలు

కాగితాన్ని బోర్డు మీద నాలుగు వైపులా కాగితపు టేపుతో అతికించండి. ఏ4 నిలువుగా పెట్టుకుంటే, పైన 3 సెం.మీ., పక్కల 3 సెం.మీ., కింద 4 సెం.మీ. ఖాళీ వదలండి. కింద ఎక్కువ వదలకపోతే రాత పేజీలోంచి జారిపోతున్నట్టుంటుంది. మిగిలిన చోటులో పైన బొమ్మకు 9 సెం.మీ. ఎత్తు. దాని కింద 1.5 సెం.మీ. ఖాళీ. అక్కడి నుంచి పాట.

ఎనిమిది పాదాలకు తెలుగులో ఎంత చోటు కావాలో లెక్క వేసుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంగ్లీషు రాత పుస్తకాల్లో చెప్పే వరుసల దూరం మనకు పనికిరాదు. మన అక్షరానికి పైన గుడులూ ఏత్వాలూ, కింద వత్తులూ ఉంటాయి. 'కొమ్మల', 'పచ్చిక' లాంటి మాటల కింద వత్తు దిగుతుంది, దాని కిందే వచ్చే పాదంలో 'పిలిచిన' గుడి పైకి లేస్తుంది. రెండూ గుద్దుకుంటాయి. నా లెక్క ఇది: అక్షరం ఒళ్లు 4 మి.మీ. ఉంటే, ఒక పాదం గీత నుంచి తర్వాతి గీతకు 11 మి.మీ. ఉంచాలి. ఎనిమిది పాదాలకు 8.8 సెం.మీ., రెండు చరణాల మధ్య అదనంగా 6 మి.మీ. పైన లెక్క వేసుకున్న చోటులో ఇది పట్టి, శీర్షికకు కూడా కొంచెం చోటు మిగులుతుంది.

పలుచని పెన్సిల్‌తో గీతలు గీసుకోండి, నొక్కకండి. హాట్ ప్రెస్ కాగితం మీద నొక్కిన గీత రబ్బరుతో పోదు, తర్వాత రంగు వేస్తే మరింత బయటపడుతుంది.

ముందు రాత, తర్వాత రంగు

దీని మీద రెండు పద్ధతులున్నాయి, నేను మాత్రం రాతే ముందు అంటాను. కారణాలు రెండు. రాతలో తప్పు దొర్లితే పోయేది ఒక గంట పనే. బొమ్మ పూర్తయ్యాక తప్పు దొర్లితే రెండు రోజులు పోతాయి. రెండో కారణం కాగితానిది. ఒకసారి బాగా తడిసి ఆరిన చోట జిగురు పొర బలహీనపడుతుంది, అక్కడ రాస్తే సిరా సాలెగూడులా పాకుతుంది. మొగల్తూరు, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. గాలిలో తేమకే కాగితం మెత్తబడుతుంది.

పాత డచ్ రాతగాళ్లు పెద్దబాతు ఈకను చెక్కి, కొన చదునుగా కోసుకునేవాళ్లు. అందువల్ల ఒకవైపు లాగితే లావు, మరోవైపు సన్నం. రోటర్‌డామ్ రాతగురువు యాన్ వాన్ డెన్ వెల్డే 1605లో అచ్చేసిన 'స్పీఖెల్ డెర్ స్క్రైఫ్‌కోన్‌స్టె' అనే పుస్తకంలో కలం ఎత్తకుండా తిప్పిన మెలికలు చూస్తే కళ్లు తిరుగుతాయి. అక్షరాల చుట్టూ మెలికలతోనే ఓడలు కూడా గీశాడు.

ఆ చదును పాళీతో తెలుగు రాస్తే ఏమవుతుందో ప్రయత్నించి చూడండి. మన అక్షరం గుండ్రం. చదును పాళీతో 'ల', 'ద', 'న' ఒకవైపు బరువెక్కి, మరోవైపు నూలుపోగంత సన్నమవుతాయి. ఒక్కో అక్షరం విడిగా అందంగా ఉంటుంది, పాదం మొత్తం చూస్తే మాత్రం ఊగుతున్నట్టు ఉంటుంది. సన్నటి కొనపాళీ, నొక్కితే విచ్చుకునే రకం, మనకు బాగా కుదురుతుంది. నిక్కో జీ పాళీ దొరికితే తీసుకోండి. అక్షరం కిందికి దిగేటప్పుడు కాస్త నొక్కి, పైకి ఎక్కేటప్పుడు తేలిగ్గా వదలండి. తలకట్టు ఒక్క చిన్న విరుపు, దాన్ని సాగదీయకండి. కొత్త పాళీకి నూనె పూత ఉంటుంది, దాన్ని వేడినీళ్లూ సబ్బుతో కడగకపోతే సిరా నిలవదు.

పాట మొత్తం ముందు మామూలు కాగితం మీద అదే సైజులో మూడుసార్లు రాయండి. మూడోసారికి ఏ పాదం పొడవు, ఏది పొట్టి, ఎక్కడ వత్తు అడ్డం వస్తుందో చేతికే తెలిసిపోతుంది. నా పాటలో మొదటి పాదం కన్నా రెండోది పొట్టి, మూడో పాదం కన్నా నాలుగోది పొట్టి. అందుకని రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది పాదాల్ని ఒక సెంటీమీటరు లోపలికి జరిపాను. కంటికి కూడా పాట లయ కనిపించింది.

మెలికల గురించి: డచ్ పుటల్ని చూసిన ఉత్సాహంలో ప్రతి అక్షరానికీ తోక పెట్టాలనిపిస్తుంది. వద్దు. మొదటి అక్షరానికి ఒకటి, చివరి పాదం తర్వాత ఒకటి, అంతే. 'కాలువ'లో మొదటి 'కా' దీర్ఘాన్ని ఎడమకు తిప్పి పైకి లాగి బొమ్మ అంచుదాకా తీసుకెళ్లాను. ఆ ఒక్క గీతే రాతకూ బొమ్మకూ మధ్య వంతెన అయింది. వత్తులున్న చోట మెలిక పెడితే చదవడం కష్టమవుతుంది, చదవలేని పాట ఎంత అందంగా రాసినా దండగే.

తప్పు పడితే ఆరనిచ్చి, పదునైన బ్లేడుతో అతి మెల్లగా గీకి, గోటితో నున్నగా రుద్దండి. ఆనాటి రాతగాళ్ల బల్ల మీద కూడా కలం పక్కన కత్తి ఉండేది. రాసింది ఒక రాత్రి ఆరాలి.

బొమ్మ గీత

అడ్డంగా ఒక గీత గీయండి: నేల, ఆకాశం కలిసే చోటు. అది బొమ్మలో కింద నుంచి మూడో వంతు దాటకూడదు. నెదర్లాండ్స్‌లో నాలుగో వంతు నేల సముద్ర మట్టం కన్నా దిగువనే ఉంటుంది, కొండలు దాదాపు లేవు. నిలబడి చూస్తే కళ్ల ముందు ఉండేది ఆకాశమే. యాన్ వాన్ హోయన్ లాంటి పదిహేడో శతాబ్దపు చిత్రకారులు ఆ గీతను కిందికి దించాకే డచ్ నేల డచ్ నేలలా కనిపించింది. తెలియకుండా మనం గీతను పైకి జరిపేస్తుంటాం, ఎందుకంటే మనకు చిన్నప్పటి నుంచి రెండు కొండల మధ్య సూర్యుణ్ణి వేయడం అలవాటు.

కాలువ తిన్నగా ఉండాలి. అది ప్రకృతి తవ్వింది కాదు, మనుషులు నీళ్లు తోడేసి పొలం చేసుకోవడానికి తవ్వింది. మెలికలు తిరిగే వాగులా వేస్తే దేశం మారిపోతుంది. కాలువ పక్కన విల్లో చెట్లు. వీటిని ఒక్కసారి సరిగ్గా చూసి వేయండి: మనిషి ఎత్తు దాకా లావుపాటి మోడు, దాని తల మీద నుంచి చీపురు పుల్లల్లా నిటారుగా లేచిన సన్నటి కొమ్మలు. కొన్నేళ్లకోసారి ఆ కొమ్మల్ని నరికి బుట్టలకూ కంచెలకూ వాడుకునేవాళ్లు కాబట్టి చెట్టు అలా బుడిపె తలతో ఉంటుంది. కొమ్మలు నీళ్లలోకి వాలే విల్లో వేస్తే అది తోటల్లో చెట్టు, పొలం గట్టు చెట్టు కాదు. దూరంగా చర్చి కొన ఒక్కటి. గాలిమర వేయాలని ఎంత అనిపించినా వేయకండి, టీ కప్పు మీది బొమ్మలా అయిపోతుంది.

కాపరి చేతికర్ర కొనకు చిన్న పారలాంటి ఇనుప ముక్క ఉంటుంది. దానితో మట్టిబెడ్డ ఎత్తి, దారి తప్పిన గొర్రె వైపు విసిరేవాళ్లు. ఈ ఒక్క వివరం పెడితే కాపరి కర్ర పట్టుకున్న మనిషి కాకుండా కాపరి అవుతాడు.

రంగు

ఆకాశంతో మొదలు. ఆ భాగాన్ని శుభ్రమైన నీళ్లతో తడపండి, నీళ్లు మెరవాలి కానీ పారకూడదు. అల్ట్రామెరిన్‌లో చిటికెడు బర్న్ట్ సియెన్నా కలిపి చాలా పలుచటి బూడిద నీలం చేసుకుని పై అంచు నుంచి కిందికి వదలండి. మబ్బులున్న చోట వేయకుండా వదిలేయండి. వైసెన్‌బ్రూఖ్ మబ్బులు తెల్లరంగుతో వేసినవి కావు, చాలాచోట్ల వేయకుండా వదిలిన కాగితమే. తడి ఉండగానే నేల దగ్గర అంచుకు యెల్లో ఓకర్ పలుచగా పూయండి. డచ్ ఆకాశం కింద భాగం ఎప్పుడూ కాస్త వెచ్చగా ఉంటుంది. ఇక ముట్టుకోవద్దు. ఆరేలోపు మరోసారి కుంచె పెడితే కాలీఫ్లవర్ అంచులాంటి మరకలు వస్తాయి, అవి పోవు.

పూర్తిగా ఆరాక దూరపు చెట్ల వరుస: ఇండిగో, ఒక చుక్క ఎరుపు, బోలెడు నీళ్లు. పచ్చికకు ఇండిగో, నికెల్ ఎజో యెల్లో. దగ్గర పచ్చికలో పసుపు ఎక్కువ, దూరం పోయేకొద్దీ నీలం ఎక్కువ, బలం తక్కువ. ట్యూబులోని ఆకుపచ్చను నేరుగా పూయకండి, ప్లాస్టిక్ గడ్డిలా ఉంటుంది. కాలువ నీళ్లు ఆకాశం రంగే, ఒక మెట్టు ముదురుగా, అడ్డంగా లాగిన రెండు మూడు కుంచెగీతలు. మధ్యలో సన్నగా కాగితం తెలుపు వదిలితే నీళ్లు మెరుస్తాయి.

గొర్రెలకు ఆకారం గీయకండి. ముందు వాటి వెనకున్న పచ్చికను వేస్తే, మిగిలిన తెలుపే గొర్రె. కడుపు కింద ఒక బూడిద నీడ, మొహానికి సియెన్నా చుక్క. ఐదు గొర్రెలు చాలు, రెండు కలిసిపోయి ఒక ముద్దలా ఉండాలి. మందలో గొర్రెలు విడివిడిగా నిలబడవు.

కాపరి దగ్గర మాత్రం గెసీనా పద్ధతికి రండి. పలుచటి పూత ఆరాక రెండో నంబరు కుంచె కొనతో చిన్న చిన్న గీతలు, చుక్కలు పేరుస్తూ బట్ట మడతలు తేల్చండి. చొక్కాకు ఎరుపు. బొమ్మ మొత్తంలో ఎరుపు అక్కడొక్కచోటే ఉండాలి. కంటికి ముందు ఆ ఎరుపు, తర్వాత అతను చూస్తున్న వైపు, ఆ తర్వాత పడవ దొరుకుతాయి. పడవ అంచు మీద వెలుతురు గీతకు తెలుపు గువాష్ ఒక్క గీత.

చివరగా రాతకు వాడిన సిరాలోనే సగం నీళ్లు కలిపి, పాళీతో విల్లో కొమ్మలూ రెల్లూ గీయండి. ఈ మెట్టు వదలొద్దు. పైనున్న బొమ్మలోనూ కిందున్న అక్షరంలోనూ ఒకే సిరా కనిపించినప్పుడే పుట ఒకటవుతుంది.

దాచడం

బోర్డు మీదే ఒక రోజు ఉంచి, టేపును కాగితం నుంచి బయటికి, వాలుగా లాగండి. వంకర వస్తే వెనకవైపు స్పాంజితో కొద్దిగా తడిపి, రెండు శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి బరువైన పుస్తకాల కింద రెండు రోజులు ఉంచండి. ల్యామినేషన్ చేయించకండి. గోడకు పెట్టాలనుకుంటే ఎండ పడని గోడకు, అదీ కొన్ని నెలలే. మ్యూజియంలు కూడా కాగితం మీది పనిని మసక వెలుతురులో కొద్దికాలం చూపించి మళ్లీ చీకటి పెట్టెలో పెట్టేస్తాయి.

పుస్తకంలో పెట్టి మూసేయడం అన్నిటికన్నా మంచిది. నెదర్లాండ్స్‌లో ఈ అలవాటు చాలాకాలం బతికింది. స్కూలు పిల్లలు 'పోయెజీఆల్బమ్' అనే చిన్న పుస్తకాన్ని స్నేహితులకూ, టీచర్లకూ, నానమ్మలకూ ఇచ్చి, తలా ఒక పుటలో పద్యం రాయించుకుని, పక్కన రంగుబొమ్మ అతికించుకునేవాళ్లు. మీ మొదటి పేజీ పూర్తయ్యాక ఎదురుగా ఒక ఖాళీ పుట వదలండి. అదే సైజు కాగితం, అవే పెన్సిల్ గీతలు, అదే సిరా సీసా ఇచ్చి ఇంట్లో ఎవరో ఒకరిని రాయమనండి. మా పుస్తకంలో ఆ కాపరి పుటకు ఎదురుగా మా అమ్మ చేతిరాతలో ఊడుపు పాట నాలుగు పాదాలున్నాయి. చివరి పాదంలో పాళీ ఒకచోట తట్టుకుని చిన్న సిరాచుక్క పడింది. గీకేయబోతే వద్దంది. దాన్నే రెండు రెక్కలు పెట్టి పిట్టను చేశాను.